సేవ్ నొక్కితే బండి కదులుతుంది

1

అన్నిటికంటే ముందు ఈ సంగతి రాయాలి. నా కూతురు సుంకులమ్మ ఈ రోజు నా చేతికి మళ్లీ పని పెట్టింది.

నా వయసు వాళ్లకు మా గుహ చల్లబిలంలో మిగిలే పనులు రెండే. ఒకటి కందులు ఏరడం, రెండు పక్కింటివాళ్ల తగాదాలు వినడం. నాపరాయి కోసే మిషన్ పట్టుకుని బతికినవాణ్ణి కాబట్టి నా చేతులు వణుకుతాయి. ముద్ద నోటికి చేరేలోపు సగం పంచె మీద పడుతుంది. ఇలాంటివాడి చేతిలో నీళ్ల బండి పెట్టేవాళ్లు ఎవరైనా ఉంటారా? ఉన్నారు! నా కడుపున పుట్టిన బంగారు తల్లి ఉంది!

బండి నడపడం అసలు దాని పనే. మా బిలంలో నీళ్లు ఊరతాయి, పాలబిలంలో ఊరవు. రెండు గుహలకూ మధ్య సొరంగం. రాయి కాలిపోతూ ఉంటుంది కాబట్టి పగటిపూట అందులో మనిషి నడవలేడు. పైన భూమి మీదికైతే సౌరపలకలు తుడిచేవాళ్లు తప్ప ఎవరూ వెళ్లరు, వాళ్లయినా తెల్లారేలోపు దిగిపోవాలి. అందుకని నీళ్లూ మనుషులూ అన్నీ బండి మీదే. దాని మీద చల్లటి గూడు ఉంటుంది. ఇంట్లో బల్ల ముందు కూర్చుని నాలుగు మాటలు రాస్తే అదే పోతుంది, అదే వస్తుంది. ఇప్పుడు సుంకులమ్మ కాన్పుకు నా దగ్గరికి వచ్చింది. అది విశ్రాంతి తీసుకోవాలి కదా, బండి పని నన్ను చూడమంది.

"నా వల్ల కాదు తల్లీ" అన్నాను. "రాసినాక కంపైల్ చెయ్యడానికి మూడు మీటలు ఒకేసారి నొక్కాలంటావు. తర్వాత ఇంకో కిటికీ తెరిచి రన్ చెయ్యాలంటావు. నా వేళ్లు ఒకటి నొక్కమంటే నాలుగు నొక్కుతాయి."

"నువ్వు నొక్కొద్దు నాయనా. ఎడిటర్‌కే నేర్పిస్తా, ఉండు."

అని కీబోర్డు తీసుకుని కడుపు మీదే పెట్టుకుంది, ఇంక ఒళ్లో చోటెక్కడిది! లోపలి బిడ్డ తన్నినప్పుడల్లా తెర మీద ఒక అక్షరం ఎక్కువ పడింది. దాన్ని చెరిపి మళ్లీ రాసింది. సెట్టింగుల్లో అది రాసిన మాటలు నాకు చదివి వినిపించింది: సేవ్ చెయ్యగానే కంపైల్ చెయ్యి, తప్పు లేకపోతే వెంటనే రన్ చెయ్యి, తప్పుంటే ఎర్రగీత గీసి ఆగు.

"కంపైల్ అంటే ఏంది, మళ్లీ ఒకసారి చెప్పు."

"నువ్వు రాసింది తెలుగు. బండికి తెలిసింది దాని అంకెల గొడవ. ఒకదాన్ని ఇంకోదాంట్లోకి మార్చడం. మీ రాళ్ల పనిలో కోయడం, నున్నగా చెయ్యడం, లోడెత్తడం లేవా? ఆ మూడూ ఒక్క దెబ్బకు అయిపోతాయనుకో."

సేవ్ మీట మీద బంకతో ఒక చింతగింజ అంటించింది, కళ్లు మూసుకున్నా వేలికి తెలియాలని. నేను "దీపం వెయ్యి" అని రాసి గింజ నొక్కాను. షెడ్డులో బండి దీపం వెలిగింది! నా బతుకులో రాళ్లు పగలగొట్టాను, గుహలు తొలిచాను కానీ, నా మాట విని ఒక వస్తువు కళ్లు తెరవడం ఇదే మొదటిసారి. నాకు ఏడుపు వచ్చింది.

"దీపానికే ఏడిస్తే, రేపు మనవడో మనవరాలో వస్తే ఏం చేస్తావు?" అని నవ్వింది.

రోజూ కొంత టైపు చేస్తే వేళ్లు మాట వింటాయని, ఏం తోస్తే అది రాసుకోమని ఈ పుట కూడా అదే తెరిచి ఇచ్చింది. ఇందులో రాసింది బండికి చేరదట. అందుకే ధైర్యంగా రాస్తున్నాను.

2

ఈ రోజు తిట్లు తిన్నాను. అయినా నాకు సంతోషంగానే ఉంది, ఎందుకంటే పని చేసేవాడికే కదా తిట్లు పడేది!

"పాలబిలానికి పో" అని రాశాను. తర్వాత "దించు", ఆ తర్వాత "రా" అని రాయాలి. కానీ చింతగింజ వేలికి భలేగా తగులుతోంది. రాసింది పోతుందేమో, దాచుకుందామని ఒక నొక్కు నొక్కాను. అంతే, డ్రమ్ములతో బండి బయలుదేరింది. అక్కడికి చేరింది. దించమని ఎవరూ చెప్పలేదు, రమ్మని ఎవరూ చెప్పలేదు. అలాగే నిలబడింది.

కాసేపటికి స్పీకర్లో పాలబిలం నర్సు ఎస్తేరమ్మ గొంతు వినిపించింది. కాన్పు గది ఆమెదే.

"మద్దిలేటన్నా, మీ బండి పెళ్లిచూపుల్లో పిల్ల మాదిరి తల వంచుకుని నిలబడుకోనుంది. కాఫీ ఏమన్నా ఇమ్మంటావా?"

"తప్పయిపోయింది ఎస్తేరమ్మా, ఇప్పుడే రాస్తా."

"రాయి సామీ. ఈడ గొంతులు ఎండిపోతాండాయి."

సుంకులమ్మ నవ్వలేదు. నా పక్కన కూర్చుని నిదానంగా చెప్పింది. "నాయనా, ఇంతకుముందు సేవ్ అంటే దాచుకోవడం. ఇప్పుడు అట్ల కాదు, సేవ్ అంటే పంపించడం. నీ మాట పూర్తిగా అయినంకనే గింజ ముట్టుకో."

నన్ను ఆ మాట బాగా పట్టుకుంది. దాచుకోవడానికీ పంపించడానికీ ఒకటే మీట! బువ్వ తింటూ కూడా దాని గురించే ఆలోచించాను. మనుషులకు ఈ రెండూ వేరువేరు మీటలు. అందుకే కాబోలు నాలాంటివాళ్లు పంపించాల్సినవి కూడా దాచుకుంటూ కూర్చుంటారు.

3

ఇప్పుడు బండి పని నాకు చేతికి వచ్చేసింది. పొద్దున ఒక విడత నీళ్లు, సాయంత్రం ఎండ తగ్గాక ఇంకో విడత. పాలబిలం నుంచి ఒక్క ఫిర్యాదు లేదు. అల్లుడు పీరయ్య నిన్న పలకలు తుడిచి దిగాక నాతో మాట్లాడాడు. "మామా, మా బిలంలో అందరూ నీ పేరే చెప్పుకుంటాండారు" అన్నాడు. పిచ్చివాడు, నన్ను సంతోషపెట్టడానికే అని ఉంటాడు. అయినా నేను సంతోషపడ్డాను.

ఒకటే ఇబ్బంది ఉంది. రాయనా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను.

బండి భాషను ఎప్పుడో మావాళ్లే కట్టారు, తక్కువ మాటలతో. పో, రా, ఆగు, ఎత్తు, దించు. నేను నేర్చుకున్నవి ఇవే. నీళ్ల డ్రమ్ముల్ని "పో" అనడానికి నాకేం కష్టం లేదు. కానీ సుంకులమ్మకు నొప్పులు మొదలైతే పాలబిలం కాన్పు గదికి దాన్ని పంపించాల్సింది ఇదే బండి మీద. రాయాల్సింది కూడా ఇదే మాట.

కన్నబిడ్డ గడప దాటుతుంటే "పో" అని ఎవరంటారు? చిల్లర కొట్టుకు వెళ్లేవాడికి కూడా పోయిరా అంటాం. ఊరికే పో అంటే కోపమొచ్చి అన్నట్టు. "పోయింది" అని మా ఇంట్లో అన్నది ఒక్క మనిషి గురించే, నా భార్య గురించి. దానికితోడు సుంకులమ్మకు ఇంతకుముందు రెండు కాన్పులు నిలవలేదు. ఈసారి కడుపు నిండుగా ఉంది, కళ్లల్లో వెలుగు ఉంది. ఇలాంటి పిల్లను కూర్చోబెట్టి ఆ బండికి పో అని ఎలా రాయను?

"నువ్వే రాసుకుని ఎక్కు తల్లీ" అన్నాను.

"నొప్పులు పడుకుంటా కీబోర్డు కొట్టమంటావా? నువ్వే పంపాల నాయనా. 'పాలబిలానికి పో, ఆగు.' అంతే. ఇంకేం రాయొద్దు. నన్ను దింపుకునేది ఎస్తేరమ్మ చూసుకుంటాది."

"ఒకసారి ముందే రాసి పెట్టుకుంటా. తప్పులుంటే చూడు."

"రాసి పెట్టుకుంటే సేవ్ చెయ్యాల. సేవ్ చేస్తే బండి పోతాది. ఉత్త బండిని ఎందుకు తిప్పుతావు?" అని నా చెయ్యి పట్టుకుంది. "ఏంది నాయనా, భయమా?"

"భయమెందుకు! నాకు సంతోషం పట్టలేక వణుకు!" అన్నాను. కొంచెం నిజమే కదా.

4

ఇది జరిగిపోయిన తర్వాత రాస్తున్నాను. వరసగా రాయడానికి ప్రయత్నిస్తాను.

ఎండ నడినెత్తి మీద ఉండే వేళకు నొప్పులు మొదలయ్యాయి. అందరూ తలుపులు వేసుకుని పడుకునే వేళ. పక్కింటి ఆడవాళ్లు వచ్చి సుంకులమ్మను బండిలో పడుకోబెట్టారు. గూడు మూశారు. ఎస్తేరమ్మకు, పీరయ్యకు కబురు చెప్పాను. వచ్చి బల్ల ముందు కూర్చున్నాను.

బండిలోంచి మైకులో సుంకులమ్మ అంది. "నాయనా, రాయి."

"పాలబిలానికి" అని రాశాను. అక్కడ నా వేలు ఆగిపోయింది. వణుకుతో కాదు. ఎన్నో ఏళ్ల తర్వాత నా వేలు వణక్కుండా నిలబడింది, ఆ మాట దగ్గర.

"రాసినావా?"

నేను "పోయిరా" అని రాశాను. నేర్చుకున్న మాటల్లో అది లేదని నాకు తెలుసు. బండికి తెలియకపోతే ఎర్రగీత పడుతుంది, అప్పుడు దిద్దుకుంటాను, ఈలోపు నా బిడ్డకు నా నోట రావాల్సిన మాట చేరినట్టుంటుంది అనుకున్నాను. గింజ నొక్కాను.

ఎర్రగీత రాలేదు. బండి కదిలింది.

చూడండి, నేనెంత సంబరపడ్డానో! మా పెద్దలు ఎంత గొప్పవాళ్లు, బండికి మర్యాద కూడా నేర్పించారే అనుకున్నాను. ఒక్కణ్ణే లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. తెర మీద పచ్చ చుక్క సొరంగంలో మెల్లగా పాకుతూ వెళ్లింది. పాలబిలం చేరింది. ఆగింది. స్పీకర్లో ఎస్తేరమ్మ గొంతు, గూడు తెరిచిన చప్పుడు, "అమ్మా సుంకులమ్మా, ఎట్లుండాది? ఉండు, లేయొద్దు, నేనే ఎక్కి చూస్తా" అన్న మాటలు వినిపించాయి. పని అయిపోయిందని మంచినీళ్లు తాగుదామని లేచాను.

పచ్చ చుక్క వెనక్కి తిరిగింది.

"ఏయ్! ఏయ్!" ఇది పీరయ్య. "బండి ఆపండి! నా పెండ్లాం ఉంది అందులో!" కేక వినపడింది, వినపడటం తగ్గిపోయింది, పూర్తిగా పోయింది.

"మద్దిలేటన్నా!" అని అరిచింది ఎస్తేరమ్మ. "నేను దిగనే లేదు, బండి తిరుక్కుంది! ఏం రాసినావయ్యా?"

సుంకులమ్మే మూలుగుతూ అడిగింది. "నాయనా... పోయిరా అని రాసినావా?"

"అవును తల్లీ."

"అది సరుకు వేసి వచ్చేదానికి వాడే మాట నాయనా! పోయి, సరుకు దించేంతసేపు నిలబడి, వచ్చేస్తాది. ఖాళీ డ్రమ్ములే కదా అని పరిగెత్తుకుంటా వస్తాది!"

నిజంగానే పరిగెత్తుతోంది. వెళ్లేటప్పుడు పాకిన చుక్క ఇప్పుడు గెంతుతోంది. సొరంగంలో పట్టాలు అతికిన ప్రతిచోటా బండి ఎగిరిపడే చప్పుడు స్పీకర్లో వస్తోంది, దాంతోపాటు నా బిడ్డ కేకలు.

"వెనక్కి తిప్పుతా, ఆగు!"

"మధ్యలో తిరగదు సామీ" అంది ఎస్తేరమ్మ. "తిరిగేది రెండు కొసల్లోనే."

"అయితే ఆపేస్తా!"

"ఆపొద్దు! ఆపితే గూడులో చల్లదనం ఆగిపోతాది, ఈ రాతి వేడికి ముగ్గురం ఉడికిపోతాం. రానీ. కానీ మెల్లగా రానీ. తల దిగుతాంది, ఈ కుదుపుకు నా చెయ్యి నిలవడంలేదు. మెల్లగా అని రాయి!"

ముగ్గురం అంది. ఆ మాట నా చెవిలో పడింది కానీ అప్పుడు లెక్క వేసుకునే తీరిక లేదు.

రాశాను. "మెల్గా" అని పడింది. గింజ నొక్కాను. ఎర్రగీత. చెరిపాను. "మమెల్లగా" అని పడింది. ఎర్రగీత. నా ఎడమ చేత్తో నా కుడి మణికట్టును బల్లకేసి నొక్కి పట్టుకున్నాను, ఒకప్పుడు రాయి కదలకుండా పట్టుకున్నట్టు. ఒక్కొక్క అక్షరాన్నీ వెతుక్కున్నాను. మె. ల్ల. గా. ఇంక రెండో మాట. రా. నా కూతురు గొంతులో మాట లేదు, ఒట్టి అరుపు ఉంది. గింజ నొక్కాను.

ఎర్రగీత రాలేదు. ఇంకో కిటికీ తెరవాల్సిన పని లేదు, మూడు మీటలు లేవు. చుక్క గెంతడం మానేసింది. నా కూతురు అమర్చి పెట్టిన పద్ధతి దానికే పనికొచ్చింది.

చప్పుళ్లు తగ్గాయి. ఎస్తేరమ్మ మాటలు మాత్రం వస్తున్నాయి. "ఆఁ, అట్ల. ఊపిరి పట్టు. వదులు. నా తల్లి కదూ. ఇంకొక్కటి."

నాకు చెయ్యడానికి ఇంకేమీ లేదు. తెర మూలన బండి మీద బరువు కనిపిస్తుంది. దానివైపే చూస్తూ కూర్చున్నాను. ఎందుకో నాకు తోచింది, బిడ్డ పుడితే ఆ అంకె మారుతుందని. ఎంత వెర్రివాణ్ణో చూడండి. కన్ను ఆర్పకుండా దాన్నే చూశాను. అది మారలేదు. ఎంతకూ మారలేదు. ఏమీ జరగలేదు, ఇంక జరగదు అనుకున్నాను.

అప్పుడు స్పీకర్లోంచి ఏడుపు వినిపించింది. సన్నగా, కోపంగా, మనందరినీ తిడుతున్నట్టు.

అంకె అప్పుడూ మారలేదు. ఎందుకు మారుతుంది? ఒకరు ఇద్దరైతే బండికి బరువేం పెరుగుతుంది? అప్పటిదాకా మోసుకొస్తున్నదే మోసుకొస్తోంది. బండికి తెలియని సంగతి ఒకటి ఆ సొరంగంలో జరిగింది, దాని కళ్ల ముందే. నేను తల బల్ల మీద పెట్టుకుని గట్టిగా ఏడ్చేశాను.

5

బండి షెడ్డులోకి వచ్చాక గూడు తెరిచారు. ఎస్తేరమ్మ ముందు దిగింది, మోచేతుల దాకా తడిసి ఉంది. నేను ఆమె కాళ్లు పట్టుకోబోయాను.

"లే సామీ లే. ఇన్నేండ్లుగా కాన్పులు చేస్తాండా, పరిగెత్తే కాన్పు గది ఇదే చూడ్డం" అంది. "తల్లీ బిడ్డా బాగుండారు. గట్టి పిండాలు. నీకే ఏమన్నా మందు ఇయ్యాలేమో."

సుంకులమ్మ గుడ్డల మూటను గుండెకు హత్తుకుని పడుకుని ఉంది. మొహం పాలిపోయింది. నన్ను చూసి పెదవి విరిచింది. చిన్నప్పుడు నేను సంతకు తీసుకెళ్లనంటే ఇలాగే విరిచేది.

"అంత చెప్పినా. పో, ఆగు. రెండే మాటలు నాయనా."

"రాయలేకపోయినా తల్లీ."

"తెలుసు" అంది. కళ్లు మూసుకుంది. కళ్లు తెరవకుండానే, "అక్కడ దిగుంటే నువ్వు ఇప్పుడే చూసేవాడివి కాదు" అంది. నా తప్పును కూడా నాకు బహుమానం చేసి ఇచ్చింది. ఎలాంటి కూతుర్ని కన్నానయ్యా నేను!

లోపలికి తీసుకెళ్లారు. నేను గుమ్మం బయట కూర్చున్నాను. లోపల ఆడవాళ్ల పని, వేడినీళ్లు, గుడ్డలు. నన్నెవరూ పిలవలేదు, నేనూ అడ్డం వెళ్లలేదు.

చాలాసేపటికి సొరంగం తలుపు బాదిన చప్పుడైంది. తెరిస్తే పీరయ్య. ఒంటి నిండా తడి గోనెలు చుట్టుకుని నడిచొచ్చాడు. ఆ వేడిలో! గోనెల్లోంచి ఆవిరి లేస్తోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తిడతాడనుకున్నాను. కొట్టినా పడేవాణ్ణి. నా భుజాలు రెండూ పట్టుకుని ఊపాడు.

"మామా! ఏమైంది? ఎట్లుండారు?"

"బాగుండారు నాయనా! ఇద్దరూ బాగుండారు! ఏడుపు విన్నాను, ఎంత గొంతు, బిలం అంతా మోగింది!"

అతను నేల మీద కూలబడ్డాడు. నేను నీళ్లు ఇచ్చాను. సగం తాగాడు, సగం నెత్తిన పోసుకున్నాడు. ఊపిరి తిరిగాక అడిగాడు.

"ఎవరు మామా?"

"అంటే?"

"ఆడపిల్లా? మగపిల్లోడా?"

షెడ్డులో మూటను చూశాను. చిన్న ముక్కును చూశాను. పిడికిలి చూశాను. ఏడుపు విన్నాను, మళ్లీ మళ్లీ విన్నాను. అడగాలని తోచనే లేదు. అన్నేళ్లుగా ఎదురుచూసినవాణ్ణి, బతికి ఉన్నారు అన్న మాట దగ్గరే ఆగిపోయాను.

"అడగలేదు అల్లుడూ."

పీరయ్య నన్ను పైకీ కిందికీ చూశాడు. నవ్వడం మొదలుపెట్టాడు. గోనెలు విప్పుకుంటూ, తూలుతూ, నవ్వుతూనే లోపలికి వెళ్లాడు. తలుపు మూసుకుంది. కాసేపు మాటలు వినపడ్డాయి. తర్వాత అవీ ఆగిపోయాయి. ఎండవేళ కదా, అలసిపోయి అందరూ నిద్రపోయినట్టున్నారు. ఎస్తేరమ్మ గురక మాత్రం గోడ ఇవతలికి వినిపిస్తోంది.

నేను బల్ల దగ్గరికొచ్చి ఈ పుట తెరిచాను. లేపి అడగబుద్ధి కాలేదు. ఇంతకూ నా మనసులో ఆనందానికి అది తెలియక తక్కువైంది ఏమీ లేదు. చల్లబడ్డాక లేస్తారు, అప్పుడు చెబుతారు. బిడ్డ పుట్టింది. ఇప్పటికి నాకు తెలిసింది ఇంతే.